అక్షింతల పురుగు

పెద్దమందడి దగ్గర పత్తిచేను గట్టు మీద మందు పంపు దించి చెన్నయ్య కూలబడ్డాడు. పోయినసారి మందు కొట్టి దవాఖాన పాలైన ఒళ్లు ఇంకా కుదుటపడలేదు. అక్క సాయమ్మ కలుపు తీయడం ఆపి వచ్చి పక్కన కూర్చుంది.

"గిన్ని తూనీగలు తిరుగుతున్నయ్ గదక్కా, పేనుబంక ఎందుకు తగ్గలే?"

"తూనీగ ఎగిరేదాన్నే పడతది తమ్మీ. బంక ఆకు కింద అంటుకొని ఉంటది. దాన్ని తినేది ఆకు మీది గీ ఎర్ర రెక్కల, నల్ల సుక్కల అక్షింతల పురుగు. జర నిదానం గని, ఆకును ఇడిసిపెట్టదు."

"గంత నిదానమైతే పంట ఆగుతదా?"

"మందు కొడితే ముందు గిదే సస్తది. తర్వాత నువ్వు."

చెన్నయ్య పంపు పట్టీ భుజానికి ఎత్తుకోబోయి మళ్లీ దించాడు.

"నా చేతులు ఇంకా వణుకుతున్నయే అక్కా."

"చూసిన. పొద్దుగాల పంపు నింపింది నేనే గద. అండ్ల ఉన్నయి ఉత్త నీళ్లే."