బల్లి పడని టీ కొట్టు

ఆ సాయంత్రం టీ కొట్టు అక్క గ్లాసులు కడుగుతుంటే, ఆమె కోపం పక్క వీధి దాకా వినిపించింది. వినిపించాల్సిందే మరి. పొద్దున ఫోన్లలో వచ్చే పేపరువాళ్ళు "పాలగిన్నెలో బల్లి" అని రాసి, కింద ఆమె కొట్టు ఫొటో పెట్టారు. బల్లి పడింది స్టేషను దగ్గర ఇంకెవరిదో కొట్టులో. మధ్యాహ్నానికల్లా గప్‌చుప్‌గా ఫొటో మార్చేశారు. పొరపాటైందని ఒక్క ముక్క లేదు. పొద్దున చూసినవాళ్ళు ఆ వార్త మళ్ళీ తెరవరు, ఈ కొట్టుకి మళ్ళీ రారు. బెంచీల మీద ఇద్దరే మిగిలారు. ఒకడు, నిజంగా బల్లి పడినా టీ మానని దర్జీ. రెండోవాడు, వినేవాళ్ళు ఇంకెక్కడా దొరకని ప్రెస్సు బాబాయ్.

ప్రెస్సు బాబాయ్ పేపరు అచ్చువేసే మిషను తిప్పి రిటైరయ్యాడు. నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఫోన్లో పేపరేమిటే అమ్మాయ్, నీళ్ళ మీద రాత!" అంటూ బెంచీ మీద ఒక్క గుద్దు గుద్దాడు. "సిగ్గులేని వెధవలు, ఇలా రాసి అలా తుడిచేస్తారు. అదే అచ్చు పేపరైతేనా! నువ్వప్పుడు గౌనేసుకుని ఈ బెంచీ కింద ఆడుకునేదానివి, నీకు తెలీదు. మీ నాన్న కొట్టు తెరిచినప్పుడు మేం ఫొటో వేశాం. దాని కింద ఏం పడిందో తెలుసా? 'కల్తీ సారా ముఠా పట్టివేత'!"

అక్క చేతిలో గ్లాసు ఆగింది. గోడ మీద నాన్న ఫొటో వంక ఒకసారి చూసి, మళ్ళీ కడగసాగింది.

"మిషను గిర్రున తిరుగుతోంది. కాగితం ఎవరి కంటికీ ఆనదు. నాకు ఆనింది. బటన్ నొక్కి ఆపేశాను."

"ఇంతవరకు నమ్ముతాను," అన్నాడు దర్జీ.

అంత తేలిగ్గా నమ్మేయడం బాబాయ్‌కి అవమానంగా తోచింది.

"బటన్ పనిచేస్తేగా! చేత్తో ఆపాను. ఇదిగో, ఈ చేత్తో. ఆ విసురుకి బిల్డింగు జానెడు పక్కకి జరిగింది, కావాలంటే వెళ్ళి చూసుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అప్పటికే కొన్ని కట్టలు వ్యానులో వెళ్ళిపోయాయి. పరిగెత్తాను. వ్యాను దొరికింది గానీ కట్టలు రైలెక్కేశాయి. నేను తర్వాతి స్టేషనుకి చేరి, మొహం కడుక్కుని, చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అప్పుడొచ్చింది రైలు, ఆయాసపడుతూ!"

"ఆ చొక్కా మా నాన్నే కుట్టుంటాడు. అంత పరుగుకీ చిరగలేదంటే."

"నోర్ముయ్! రైల్లోవన్నీ దించేశాను. ఇళ్ళకి చేరినవో? గోడలు దూకాను, తలుపుల కింద నుంచి లాగాను. ఒకాయన అప్పటికే సగం చదివేశాడు. భుజాలు పట్టుకుని కుదిపితే చదివిందంతా జలజలా రాలింది, అక్షరాలన్నీ ఏరుకున్నాను. ఒకదాన్ని ఎవడో పల్లీల పొట్లం కట్టేశాడు. పల్లీలు తినేసి కాగితం తెచ్చుకున్నాను. ఇంకోటి మేక మింగేసింది."

"మేకనేం చేశావ్?"

"మాట్లాడాను. పెద్దమనిషి మేక. ఇచ్చేసింది. మర్నాటికి లోకంలో ఒక్క కాపీ మిగిలితే ఒట్టు! మీ నాన్న పరువు నిలబెట్టిందెవరు? చేతనవుతుందా ఆ పని ఈ ఫోను పిల్లకాయలకి?"

అక్క గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"ఎందుకు చేతకాదు బాబాయ్? వాళ్ళూ ఇవాళ అదేగా చేసింది! ఒక్క కాపీ లేకుండా తుడిచేశారు. నువ్వు కాళ్ళరిగేలా తిరిగితే, వాళ్ళు ఒక్క వేలితో కానిచ్చారు. ఇప్పుడు నేను ఏం చూపించి, ఎవర్ని కడిగేయను?"

 

ఆమె నాన్న ఫొటో దించి వెనక్కి తిప్పింది. అట్ట మీద రెండు పేపరు ముక్కలు పక్కపక్కనే అంటించి ఉన్నాయి. ఒకదాంట్లో కొత్త కొట్టు ముందు ఆమె నాన్న నవ్వుతున్నాడు, కింద కల్తీ సారా ముఠా. రెండోది మర్నాటిది, రెండే లైన్లు: "నిన్న టీ కొట్టు ఫొటో కింద తప్పు శీర్షిక పడింది. కొట్టు యజమానికి మా క్షమాపణలు."

దర్జీ వంగి చూశాడు. "ఇది మేక ఇవ్వనిదా బాబాయ్?"

"అదీ... గుర్తుకి ఒకటి ఉండాలని నేనే వదిలాను."

"నువ్వు వదలడమేంటి? ఆ ఫొటో ఊరంతా చూసింది. చాన్నాళ్ళు ఒక్క మనిషి గడప తొక్కలేదు." అక్క రెండో ముక్క మీద వేలు పెట్టింది. "మా నాన్న ఈ రెండు లైన్లూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. అప్పుడు వచ్చారు, ఒక్కొక్కరే. నాకు నీ పరుగులొద్దు బాబాయ్. ఈ రెండు లైన్లు కావాలి. పొద్దున చూసినవాళ్ళందరికీ కనిపించేలా వాళ్ళ చేత పెట్టిస్తాను."

స్టవ్ ఆర్పేసింది. ఫ్రేము చంకన పెట్టుకుంది. ఆ ఫోను పేపరువాళ్ళ ఆఫీసు ఎంతో దూరం కాదు, ఎదురుగా చెప్పుల కొట్టు మేడ మీదే.

"లే బాబాయ్. తప్పు పడితే మీ ప్రెస్సులో ఏం చేసేవారో వాళ్ళకి చెబుదువుగాని. మేక సంగతి వద్దు. జరిగింది చెప్పు చాలు."

బాబాయ్ మేడ వంక చూశాడు, తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "మోకాళ్ళు పట్టేశాయమ్మాయ్..."

దర్జీ ఆయన చంక కింద చెయ్యేసి లేపాడు.

"రైలుని దాటినవాడివి. రోడ్డు దాటలేవా?"