వారం మాత్ర

కోప్పడండి వదినా, మీ తమ్ముడి తరఫున కూడా మీరే కోప్పడండి. తెలివితక్కువదాన్ని అని మాత్రం అనకండి. వారానికొకటి వేసుకోమన్న మాత్ర రోజూ వేసుకుంటే ఒంట్లో కాల్షియం పెరిగిపోతుందని, ఇలా వాంతులతో ఆసుపత్రి మంచమెక్కాల్సి వస్తుందని నాకేం తెలుసు?

తెలిసినా వేసుకునేదాన్నేమో లెండి.

నా బతుకంతా బట్టల కొట్టు సెల్లార్లో, కుట్టు మిషను ముందు, ట్యూబులైటు కిందే కదా. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, 'డి విటమిన్ అడుగంటిపోయిందమ్మా, ఎండ మొహం చూడవా?' అంది. ఏమైందో తెలుసా? నాకు సంతోషమేసింది. పిల్లలు కలగకపోవడానికి ఇన్నేళ్ళకి ఒక కారణం దొరికింది.

ఆవిడ అంతా చెప్పింది, అబద్ధమాడను. 'అండం ఎదగడానికీ, గర్భం నిలవడానికీ అది కొంత సాయపడుతుందంటారు. అదొక్కటే కారణమని ఖాయంగా చెప్పలేం. ముందు లోపం సరిచేద్దాం, మిగతావీ చూద్దాం' అని ఈ వారం మాత్ర రాసిచ్చింది. నాకు మొదటి మాటే వినపడింది.

ఇక చూడండి. మధ్యాహ్నం అన్నం మానేసి కొట్టు మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, జాకెట్టు చేతులు పైకి మడిచి కూర్చునేదాన్ని. సేల్సు అమ్మాయిలు 'అక్కని ఆరేశారు' అని నవ్వేవాళ్ళు. నవ్వనీ. మీ అమ్మగారు 'కోడలు నల్లబడిపోతోంది' అన్నారు. అననీ. కానీ నెల తిరిగేసరికి నడుంనొప్పి మొదలయ్యేది చూడండి, అప్పుడు ఈ నెలా లేదని తెలిసిపోయేది. అలా ఒక నెల బాత్రూంలో ఏడ్చి బయటికొచ్చి, వచ్చే వారం మాత్ర కూడా మింగేశాను, త్వరగా పనిచేస్తుందని. తర్వాత రోజూ అదే పని. ఒక మందుల షాపు కాకపోతే ఇంకొకటి.

అటెటో చూస్తారేం వదినా? 'మిగతావి' అంటే ఏమిటని అడగరే?

ఆయన పరీక్ష. డాక్టరమ్మ మొదటి రోజే రాసిచ్చింది. ఆయన వెళ్ళలేదు. అడిగితే 'నాకేం, రాయిలా ఉన్నాను' అని కంచం ముందు నుంచి లేచిపోయేవారు. డాక్టరమ్మ అడిగినప్పుడల్లా ఊళ్ళో లేరని నేనే బొంకాను.

ఎందుకంటారా? లోపం ఆయనదని తేలితే ఆయన తట్టుకోలేరు. అది నాదే అయితే బాగుండునని కోరుకున్నాను వదినా. నాదైతే ఏం, మింగడానికి మాత్రలున్నాయి.

పొద్దున వచ్చి, సెలైన్ సీసా వైపు చూస్తూ 'ముందు నీ ఒళ్ళు బాగుచేసుకో, పిల్లల సంగతి తర్వాత' అనేసి వెళ్ళారు. నీ ఒళ్ళట.

మీరు ఆయనకి అక్క కదా. మీరైనా అడుగుతారా?

తల దించేసుకున్నారు. సరే లెండి. మనింట్లో ఆ మాట అడగడం కంటే మాత్రలు మింగడమే తేలిక. అందుకే మింగాను.