పక్క సీటు మాస్టారు

డ్రైవింగ్ స్కూలు గది. ఆ రోజు పాఠాలు అయిపోయాయి. మాస్టారు, ఆయన భార్య, ఇద్దరి మధ్య టేబుల్ మీద పరాయి దేశపు మ్యాపు.

“రైలా! నేనా! ఊళ్ళో సగం మంది చేత స్టీరింగ్ పట్టించినవాణ్ణి, సెలవులకని పై దేశం వెళ్ళి రైల్లో కూర్చుని ఆవుల్ని లెక్కపెట్టుకోవాలా?”

“సముద్రం పక్కనుంచే వెళ్తుందటండీ రైలు.”

“అక్కడ అద్దె కారు మాట్లాడిపెట్టమన్నాగా? సముద్రం కనిపిస్తే కారాపుకుని చూడాలి. రైలు నీకోసం ఆగుతుందా? రైళ్ళు చేతకానివాళ్ళకే. నీలాంటివాళ్ళకి.”

“అవును, నాలాంటివాళ్ళకి.”

“ఏంటా నవ్వు?”

“ఏం లేదు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపుంటుందటగా?”

“ఉంటే? నా బతుకంతా ఎడమ సీట్లోనే గడిచింది.”

“గడిచింది. స్టీరింగ్ లేకుండా.”

“ఏమన్నావ్?”

“ఎడమ సీట్లో కూర్చుని మీరు చేసేది రెండే పనులు. అరవడం, కాలికింద మీకోసం పెట్టించుకున్న రెండో బ్రేకు తొక్కడం. బండి నడిపేది నేర్చుకునేవాళ్ళు.”

“క్లచ్చేదో బ్రేకేదో తెలీని మొహం, నువ్వు నాకు చెప్పొచ్చావ్!”

“నేర్పమంటే మొదటిరోజే నడిరోడ్డు మీద ‘మొద్దు, దిగు’ అన్నారు. ఇంటిదాకా ఏడుస్తూ నడిచొచ్చాను. పరాయి పిల్లలకైతే ‘మెల్లగా తల్లీ, కంగారు పడకు.’ పెళ్ళానికి మాత్రం మొద్దు.”

“ఆ పాత పురాణం ఇప్పుడెందుకు?”

“సరే, కొత్తది చెప్పనా? మొన్న మా అక్కావాళ్ళింటికి మన కారు ఎవరు నడిపారు?”

“నేనే. అయితే?”

“ఎన్నేళ్ళ తర్వాత?”

“అదీ... స్కూలు పనితో తీరికెక్కడ—”

“వాళ్ళ గేటు దగ్గర ఏమైంది?”

“గేటు అడ్డంగా పెట్టుకుంటే—”

“గేటు అడ్డంగా కాక ఆకాశంలో పెడతారా! ఏమైంది?”

“...బ్రేకు పడలేదు.”

“పడలేదా, వెయ్యలేదా? ‘బ్రేక్! బ్రేక్ కొట్టు! నీకే చెప్పేది!’ అని గొంతు చించుకున్నారు. ఎవరికండీ చెప్పారు? స్టీరింగ్ మీ చేతిలోనే ఉంది. కాళ్ళూ మీవే. నేను హ్యాండ్‌బ్రేక్ లాగబట్టి గేటుతో పోయింది. లోపల వరండాలో మా బావగారు కుర్చీ వేసుక్కూర్చున్నారు.”

“అలవాటులో పొరపాటు...”

“అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. మా అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.”

“మీ అక్కకేం, నవ్వుతుంది. ఇక్కడెవరికీ చెప్పలేదుగా?”

“లేదు.”

“చెప్పకు. ...సరే. సరేలే. రైలే. నువ్వు భయపడుతున్నావ్ కాబట్టి ఒప్పుకుంటున్నా, గుర్తుంచుకో. అక్కడ మాట్లాడిపెట్టిన ఆ అద్దె కారు వద్దని చెప్పెయ్.”

“ఎందుకు వద్దు?”

“ఎందుకేంటి? నడిపేదెవరు?”

“నేను.”

“నువ్వా! హహ్హ! నువ్వు... ఏయ్. నువ్వా?”

“క్లచ్చేదో తెలీని మొహానికి ఆ రోజు హ్యాండ్‌బ్రేక్ ఎలా తెలిసిందని ఒక్కసారైనా అడిగారా? ఎదురు సందులో మేడమ్ స్కూల్లో నేర్చుకున్నా. ‘ఆవిడ నేర్పితే ఆగి ఉన్న బండి కూడా బోర్లా పడుతుంది’ అని వెక్కిరిస్తారే, ఆవిడ దగ్గరే. లైసెన్సూ వచ్చింది.”

“నాకు... నాకు చెప్పకుండా?”

“చెప్తే ఏమనేవారో నాకు తెలుసు.”

“సరే. మంచిదే. ఎంతైనా కొత్త చెయ్యి. నేను పక్కన కూర్చుని చూసుకుంటాలే.”

“పక్కన కూర్చోరు మీరు. కాలికింద బ్రేకు లేకపోతే మీ నోరు ఒక్క మలుపు కూడా ఊరుకోదు. ఇన్నేళ్ళూ విన్నాను, చాలు. ఆ సముద్రం రోడ్డు మీద ఒక్కదాన్నే నడపాలని ఉంది నాకు. దానికోసమే నేర్చుకున్నా.”

“మరి నేను?”

“రైలు టికెట్ తీశాను, మీ ఒక్కరికే. ఊరూరా సాయంత్రం స్టేషన్ బయట కారుతో ఉంటాను. వెనక తలుపు తీసిపెడతా, వచ్చి కూర్చోండి.”