స్తంభం పక్కన పసుపు టోపీ

టీవీలూ ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే దుకాణం. గోడ పొడవునా వెలుగుతున్న తెరలు. వాటి ముందు ఒక భార్య, ఒక భర్త, టీవీలు అమ్మే అతను.

"ముందు ఆ చిలకని ఆపండి."

"రంగులు చూపిద్దామని మేడమ్..."

"ఏ షాపుకెళ్లినా చిలకే. చిలక ఏ టీవీలోనైనా బాగానే ఉంటుంది. మా ఇంట్లో మేం చూసేది చిలకల్ని కాదు బాబూ, మనుషుల్ని. అదీ చీకటిగదిలో కూర్చుని ఏడ్చే మనుషుల్ని. అలాంటిదేమైనా పెట్టండి."

"చీకటిగదా మేడమ్?"

"ఆ. మా పాత టీవీలో చీకటి సీనొస్తే ఎవరు ఎవర్ని పొడిచారో మర్నాటిదాకా తెలిసేది కాదు."

"ఇదిగో మేడమ్, రాత్రి సీను. చూడండి, నలుపు నలుపులాగే ఉంది. అతని కోటు వేరు, వెనక తలుపు వేరు."

"ఊఁ. కోటు బొత్తాలు కూడా కనిపిస్తున్నాయి. పైది ఊడిపోయింది."

"అరె, అవును! రోజూ వేస్తాను ఈ సీను, నేనెప్పుడూ చూడలేదు."

"ఏమండీ, మీరేమంటారు?"

"నాకైతే ఆ మూలది నచ్చింది."

"ఏది, ఆ చిన్నదా?"

"చిన్నదేం కాదు. పొందిగ్గా ఉంది. కళ్లకి చల్లగా ఉంది."

"సార్, అది చల్లగా లేదండీ, మసగ్గా ఉంది. ఎప్పటిదో మోడలు. మేం దాని దుమ్ము దులపడం కూడా మానేశాం."

"అదే నయం. ఈ పెద్దది చూస్తుంటే కళ్లు లాగేస్తున్నాయి."

"ముక్కు ఆనించి చూస్తే లాగవా మరి? వెనక్కి రండి. ఇంకా. మన సోఫా దూరం ఇక్కడి దాకా. టేపు పెట్టి కొలుచుకునే వచ్చాను నేను."

"మేడమ్ భలే పకడ్బందీగా వచ్చారు."

"పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది? నేను టీవీ చూసేది సోఫాలోంచి కాదు, వంటింటి గుమ్మంలోంచి, గరిటె పట్టుకుని. అక్కణ్నుంచి చూస్తే మొహాలు పాలిపోకూడదు."

"ఆ ఫ్రిజ్ పక్కన నిలబడి చూడండి మేడమ్. అదే మీ గుమ్మం అనుకోండి."

"బాగానే ఉంది. అదే రంగు. మరి మధ్యాహ్నం కిటికీ వెలుతురు తెర మీద పడితే?"

"కర్టెన్ వేసుకోవాల్సిందే మేడమ్. మధ్యరకం ధరలో దానికి మందు లేదు. సౌండు కూడా అంతంతమాత్రమే. డబ్బాలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది."

"విన్నావా! సౌండు బాలేదట. పద, పోదాం."

"ఆయన నోటితో ఆయనే చెప్పారు కదండీ. లోపం ఒప్పుకునే మనిషిని నమ్మొచ్చు."

"నేను మాత్రం..."

"ఇక అసలు పరీక్ష. బాబూ, దీనికి పెన్‌డ్రైవ్ పెట్టొచ్చా?"

"వెనకాల పెట్టొచ్చు మేడమ్."

"పెన్‌డ్రైవ్ ఇంట్లో మర్చిపోయాం."

"మీరు మర్చిపోయారు. ఫ్రిజ్ మీద పెట్టి, దాని మీద పళ్లబుట్ట కూడా పెట్టి మరీ మర్చిపోయారు. నేను తెచ్చాను."

"దానికి వైరస్ ఉంది."

"ఉంటే మన పాత టీవీకి రావాలి కదా?"

"వచ్చే కదా అది పోయింది!"

"అది ముసలితనం వచ్చి పోయింది. ఇదిగో బాబూ, పెట్టండి."

"ఏముంది మేడమ్ ఇందులో?"

"మా ఆయన."

"సారా?"

"పెళ్లికి ముందు ఈయన ఫైనల్ మ్యాచ్ చూడ్డానికి స్టేడియానికి వెళ్లారు. అప్పుడు టీవీలో పడ్డారు. పసుపు టోపీ పెట్టుకుని, చెయ్యి ఊపుతూ. మా తమ్ముడు ఆ మ్యాచంతా ఎక్కడో వెతికి పట్టుకుని ఇందులో ఎక్కించిచ్చాడు."

"అబ్బో! చెప్పరేం సార్!"

"అబ్బే, ఏదో కాసేపు. కనురెప్పపాటు."

"ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను బాబూ. గ్యాస్ బండ తెచ్చే ఆయనక్కూడా. కానీ మా పాత టీవీ ఎంతుండేదనీ? ఈయన 'ఇదిగో నేను' అని వేలు పెడితే సగం తెర ఆ వేలికే పోయేది."

"అయ్యో."

"మా అక్క మొగుడు, మా బావగారు, పోయినసారి ఏమన్నారో తెలుసా? 'మరదలా, తడిగుడ్డ పెట్టి ఓసారి తుడువు, మీ ఆయన చెరిగిపోతాడేమో చూద్దాం' అన్నారు. అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వింది."

"ఆయన జోకులు పట్టించుకుంటే ఎలా?"

"మీరూ నవ్వారు! నాకు మాత్రం అన్నం సయించలేదు. ఆదివారం మళ్లీ వస్తున్నారు వాళ్లు. ఈసారి మీ మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకునేట్టు చూపిస్తాను ఆయనకి. నడపండి బాబూ."

"నడుస్తోంది మేడమ్."

"ముందుకి జరపండి. ఇంకా. ఆ పెద్ద జెండా దాటాలి. వస్తోంది, వస్తోంది... ఆపండి!"

"ఆపాను."

"అదిగో! స్తంభం పక్కన! పసుపు టోపీ! అమ్మో, ఎంత తేటగా ఉందో!"

"టోపీ కుట్లు కూడా కనిపిస్తున్నాయి మేడమ్."

"ఏమండీ, ఇటు రండి. ఆ వాషింగ్ మెషీన్ల దగ్గరేం చేస్తున్నారు?"

"ఇది కూడా బాగుంది. మనకి ముందు ఇదే అవసరమేమో."

"ఇటు రండి."

"వచ్చాను."

"మీ మీసమేదీ?"

"అప్పట్లో లేదు."

"కాలేజీ ఫోటోలో ఉంది. పెళ్లి ఫోటోలో ఉంది."

"మధ్యలో తీసేశాను. మ్యాచ్ గెలిచాక మళ్లీ పెంచాను."

"దగ్గరికి లాగి చూపించమంటారా మేడమ్? రిమోట్‌లోనే ఉంది."

"వద్దు."

"లాగండి."

"ఇదిగో మేడమ్. ఇప్పుడు మొహం తెర నిండా వచ్చింది."

"చెవికేమిటది?"

"ఎవరి చెవికి?"

"మీ చెవికే."

"లైటు పడి మెరుస్తోంది. ఈ కొత్త టీవీలతో ఇదే గొడవ, లేని మెరుపులు పెడతారు."

"సార్, మా టీవీ ఉన్నదే చూపిస్తుందండీ. అది రింగు. రెండో చెవికీ ఉంది."

"నిన్నెవరడిగారయ్యా?"

"పెదాలు అంత ఎర్రగా ఎందుకున్నాయండీ మీకు?"

"రంగు ఎక్కువ పెట్టాడు. రంగు తగ్గించవయ్యా."

"తగ్గించాను సార్."

"ఇంకా."

"ఇంకా తగ్గిస్తే బ్లాక్ అండ్ వైట్ అయిపోతుంది సార్."

"అవనీ!"

"బాబూ, రంగు ఎలా ఉండేదో అలా పెట్టండి. పెట్టి ఒక్క పిసరు ముందుకి కదపండి. ఆ, తల తిప్పారు. ఆపండి. ఏమండీ."

"ఊఁ."

"మీ వీపు మీద జడ ఉంది."

"ఎక్కడ?"

"నడుం దాకా ఉంది."

"అది టీవీలో లోపం..."

"జడ అనే లోపం ఏ కంపెనీ టీవీలోనూ రాదు సార్. నేను రాసిస్తాను."

"ఎవరీవిడ?"

"నాకేం తెలుసు! నిజంగా తెలీదు."

"మరి మీరెక్కడున్నారు?"

"అక్కడే ఉన్నాను. ఒట్టు. టికెట్టు కొనుక్కునే వెళ్లాను. ఆ స్తంభం కనబడుతోందా?"

"బ్రహ్మాండంగా కనబడుతోంది."

"దాని వెనక."

"వెనకా?"

"సరిగ్గా వెనకే నా సీటు. మ్యాచంతా నేను చూసింది ఆ స్తంభాన్నే. జనం అరిస్తే నేనూ అరిచాను. ఎందుకరిచామో మర్నాడు పేపర్లో చదువుకున్నాను."

"పాపం సార్."

"నువ్వూరుకోవయ్యా. పెళ్లైన కొత్తల్లో 'టీవీలో పడ్డాను తెలుసా' అని ఊరికే అన్నాను నీతో. నువ్వు అంత సంబరపడిపోతావనుకోలేదు. మీ తమ్ముడు మ్యాచంతా మోసుకొస్తాడని అసలే అనుకోలేదు. తెచ్చాక ఎక్కడో ఒకచోట వేలు పెట్టాలి కదా! స్తంభానికి వీలైనంత దగ్గర్లో పెట్టాను."

"అంటే ఇన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ నేను చూపించింది ఈవిణ్నా? గ్యాస్ బండాయన 'సార్ అప్పుడు భలే ఉన్నారమ్మా' అన్నాడు కూడానూ!"

"మేడమ్, కాసిని మంచినీళ్లు..."

"అక్కర్లేదు బాబూ."

"నా మాట విను. ఆ మూలది తీసుకుందాం. అందులో ఎవరు ఎవరో దేవుడిక్కూడా తెలీదు. ఆదివారం గండం గట్టెక్కుతుంది."

"అది నిజమే మేడమ్. అందులో జడ కాదు కదా, స్తంభమే కనపడదు."

"మీరు అమ్మేవాళ్లా, ఆయన తరఫువాళ్లా? ఎన్నేళ్లో ఇంట్లో ఉండే వస్తువు. ఈయన ఒక్కపూట పరువు కోసం నన్ను జన్మంతా మసక చూడమంటారా? ఈ పెద్దదే ప్యాక్ చేయించండి. నలుపు బాగుంది, పక్కనుంచీ బాగుంది. సౌండు సంగతి తర్వాత చూసుకుంటాను."

"తప్పకుండా మేడమ్."

"అయితే ఆ పెన్‌డ్రైవ్ నాకివ్వు. పోయిందని చెబుదాం. దారిలో కాలవలో పడేస్తాను."

"ఆగండి, ఫోన్ మోగుతోంది."

"ఎవరు?"

"బావగారు."

"ఎత్తకు. ఎత్తకు తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఆయనకి తెలిసిందంటే నేను ఇంక ఏ శుభకార్యానికీ తలెత్తుకుని వెళ్లలేను. ఎత్తకు!"

"హలో, బావగారూ! ...ఆ, షాపులోనే ఉన్నాం. ...కొనేశాం, పెద్దదే. ...ఆ, అది కూడా పెట్టి చూశాం. ...ఎందుకు కనపడరండీ, నిలువెత్తున కనపడ్డారు! ...లేదు లేదు, ఏ సందేహమూ లేదు, ఆయనే. నా మొగుణ్ని నేను గుర్తుపట్టనా? ...ఆదివారం మీరే చూద్దురుగాని. ...ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను బావగారూ, చూశాక నలుగురిలో ఆయన్ని ఏడిపించకూడదు. పెళ్లికి ముందు మా ఆయన జడ వేసుకునేవారు."