రెండో కొస ఎవరు పట్టుకున్నరు?

గోదావరిఖని బస్టాండు ఎదురుగా సమ్మవ్వ చాయ్ హోటల్లో మొదటి షిఫ్టు దిగినవాళ్లు, ఎప్పుడో రిటైరైనవాళ్లు సాయంత్రం నాలుగింటికి చేరతారు. ఆ రోజు నతానియేలు కూడా వచ్చాడు. బొగ్గు బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఇరవై ఆరేళ్లు చేసి, రిటైరయ్యాక వడ్రంగి కార్ఖానా పెట్టుకున్న మనిషి. పెద్దపల్లి దగ్గర కడుతున్న కొత్త స్టేడియంలో పెద్దమనుషులు కూర్చునే గ్యాలరీ గోడలకు టేకు పలకలు బిగించే పని ఒప్పుకున్నాడు. పన్నెండు రోజుల్లో అయిపోవాలి. ఉన్న ఇద్దరు పనివాళ్లూ మానేసి పోయారు. నలుగురు మనుషులు దొరక్కపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది. ఇది ఊరందరికీ తెలుసు. అడగడానికే వచ్చాడని కూడా మాకు తెలుసు. కానీ నతానియేలు అడిగే మనిషి కాదు, చెప్పే మనిషి.

"పన్నెండు రోజులా! వానికి తెల్వక గన్ని రోజులిచ్చిండు," అని మొదలుపెట్టాడు. "పోయినేడు పట్నంల ఒక పెద్ద స్టేడియం, పేరు చెప్పొద్దన్నరు గాబట్టి చెప్తలేను, అండ్ల పద్నాలుగు తలుపులు తొమ్మిది రోజులల్ల బిగించిన. ఎనమండుగురం ఉంటిమి, అబద్ధమెందుకు. పని మంచిగ నడుస్తున్నది. మూడోనాడు ఏమైందో ఎరికేనా? నలుగురికి పెండ్లి పిలుపొచ్చింది. పొండ్రి అన్న, పోయిన్రు. ఇంజినీరు ఉరికొచ్చి, నతానియేలూ ఎట్లయ్యా, పద్నాలుగు కాదు నలభై తలుపులు కావాలె అన్నడు. నలభైయేనా, ఇంకేమన్న ఉంటే ఇప్పుడే చెప్పుమన్న."

"నలుగురితోని నలభై తలుపులా బిడ్డా?" అంది సమ్మవ్వ, చాయ్ వడపోస్తూ.

"నలుగురెక్కడున్నరవ్వా! మధ్యాహ్నానికి ఇద్దరు జరమొచ్చి పన్నరు. నేనూ, ఇంకొకడూ. తలుపు చెక్క చిత్రిక పట్టేటందుకు రంద పట్టిన. ఒక్కసారి గుంజితే ఆ పొట్టు తెగలే. తెగక తెగక గేటు దాటి, గ్రౌండు చుట్టు తిరిగి, మళ్ల నా కాళ్ల కాడికే వచ్చింది. ఆనాడు మ్యాచ్. బౌండరీ తాడు తెచ్చుడు ఎవడో మర్చిపోయిండు. అప్పుడు ఏం చేసిన్రో తెలుసా? నా రంద పొట్టునే తాడు లెక్క పర్చిన్రు. రెండు ఫోర్లు దాని మీదికెల్లి పోయినయ్, అయినా తెగలే."

"టీవీల కనబడలేదే అన్నా," అన్నాను నేను. బాయి టైమాఫీసులో గుమస్తాగా చేసినవాణ్ణి కదా, లెక్క కుదరకపోతే ఊరుకోలేను.

"నీ టీవీ చిన్నది జగదీశ్వర్. అండ్ల అది పట్టదు. అసలు కథ ఇగ వినుండ్రి. తలుపులే గాదు, అండ్ల కొత్త గ్యాలరీ గోడకు పలకలు గూడ బిగించాలె. ఆ గోడ గుండ్రం. పలకలు వంగాలె. టేకు వంగుమంటే వంగుతదా? ఆవిరి పెడ్తే వారం పడ్తదన్నరు. నేనేం ఫికర్ చెయ్యలే. మన రామగుండం మే నెల ఎండ ఉన్నది చూడు, దాన్ని రెండు డ్రమ్ములల్ల నింపి, మూత బిగ్గ బిగించి, రైలెక్కించి తెప్పిచ్చుకున్న. మూత ఇంత, వేలెడంత తీసిన. అరవై పలకలు గప్పుడే వంగినయ్. పట్నమంత గొడుగులు పట్టిన్రు."

"రెండో డ్రమ్ము ఏం చేసినవే?" అని తీతు అడిగాడు. పక్కనే వాళ్ల తమ్ముడు టోనీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరూ బాయిలో దుంగల పని చేసినవాళ్లే.

"ఇంట్ల మంచం కింద ఉన్నది. మా ఇంటామె లిడియా దాని మీద అప్పడాలు ఆరబెడ్తది."

"మరి నీతోని ఉన్న ఆ ఒక్కడు?"

"వాడా? ఆ ఎండకు తాళలేక ఉరికిండు. ఇగ నేనొక్కణ్ణే."

మేం నవ్వాం గానీ నాకు కొంచెం జాలి కూడా వేసింది. మనుషుల కోసం వచ్చినవాడు కథలో ఉన్న ఎనమండుగురిలో తనను తప్ప అందరినీ ఇంటికి పంపేశాడు. ఇక మమ్మల్ని ఏ నోటితో రమ్మంటాడు? అది ఆయనకూ తెలుస్తున్నట్టే ఉంది, చెమట తుడుచుకుంటున్నాడు. అయినా నోరు ఆగితేనా.

"గ్యాలరీ ఓపెనింగుకు రెండు గంటలే ఉన్నది. అరవై పలకలు గోడకెక్కాలె. ఒక్కో పలక ఇరవై అడుగులు. ఎడమ చేత్తోని ఎత్తిన, కుడి చేత్తోని బిగించిన. అంతలనే పైకప్పు మీద నాకు అనుమానమొచ్చింది. బాయిల కొట్టి చూస్తం గద, అట్లనే కట్టెతోని కొట్టి చప్పుడు విన్న. ఇది కూలుతది అన్న. ఇంజినీర్లు నవ్విన్రు. నవ్వేటోళ్లను నవ్వనిచ్చి, కప్పును నెత్తితోని ఆపి, మిగిలిన పలకలు బిగించిన. నలభై వేల మంది లేచి చప్పట్లు..."

"నతానియేలూ."

అన్నది బల్ల చివర కూర్చున్న రాయమల్లు. ముందున్న చాయ్ ఇంకా ముట్టలేదు.

"ఏంది బావా?"

"ఇరవై అడుగుల పలక. ఒక కొస నీ చేతిల ఉన్నది. రెండో కొస ఎవరు పట్టుకున్నరు?"

"రెండో కొసనా... గోడకు ఆనిచ్చిన."

"గోడ గుండ్రం అంటివి గద."

నతానియేలుకు కోపమొచ్చింది. బల్ల మీద గ్లాసు ఠప్పున పెట్టి, "నా పనితనం మీదనే అనుమానమా?" అని లేచాడు.

"నీ పనితనం నాకెరికే," అన్నాడు రాయమల్లు. "ఇరవై ఆరేండ్లు నేను దుంగ పట్టుకున్న, నువ్వు సుత్తె కొట్టినవ్. ఒక్కరోజన్న నీ ఒక్కనితోని దుంగ నిలబడ్డదా?"

నతానియేలు పోలేదు. గ్లాసు పక్కకు జరిపి, మళ్లీ కూర్చున్నాడు.

"నిలబడలే," అన్నాడు. "పట్నంల కూడ నిలబడలే బావా. ఎనమండుగురం పోయింది నిజం, పనోళ్లు వెళ్లిపోయింది నిజం. పలక ఒక్కణ్ణే ఎత్తబోయిన. కొస జారి కింద పడి పగిలింది. నాలుగు తలుపులు బిగించినంక, ఇగ చాలు పొమ్మన్నరు. ఈసారి కూడ గట్లనే అయితే నన్ను ఎవ్వడు పిలవడు. లిడియాకు మొఖం ఎట్ల చూపియ్యాలె? నాకు మనుషులు కావాలె."

ఆ ఒక్క మాట బయటికి రావడానికి గంట పట్టింది. తీతు తమ్ముడి వైపు చూశాడు, టోనీ తలూపాడు.

"మేమిద్దరం వస్తం కాకా," అన్నాడు తీతు.

"నాకు రంద పట్టుడు రాదు," అన్నాను నేను. "కొస పట్టుడైతే వస్తది."

రాయమల్లు మాత్రం వస్తాననలేదు, రాననలేదు. "పలకలెన్ని?" అని అడిగాడు.

"నూట పది."

"ఐదుగురం పట్టుకుంటే రోజుకు ఎన్ని బిగిస్తం? నిజం చెప్పు."

నతానియేలు నోరు తెరిచాడు. యాభై అనబోతున్నాడని నాకు స్పష్టంగా తెలిసింది. మింగేశాడు.

"తొమ్మిది," అన్నాడు.

"తొమ్మిది పన్నెండ్లు నూట ఎనిమిది," అని నేను లెక్క చెప్పాను. "ఇంకా రెండు మిగుల్తయ్."

రాయమల్లు చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, కండువా భుజాన వేసుకుని లేచాడు.

"ఆ రెండు నతానియేలు ఒక్కడే చేసుకుంటడు తియ్," అన్నాడు. "పొద్దుగాల ఏడింటికి అందరు కార్ఖానా కాడికి రాండ్రి."