బెదురు నిలబడింది

కొట్టం ముందు, పొద్దున. నాడాలు కొట్టే తాత, ఇంటి అమ్మాయి, ఒక గుర్రం.

"ముందు దాన్ని కట్టెయ్. తర్వాత మాట్లాడుకుందాం."

"కట్టక్కర్లేదు తాతా."

"కట్టక్కర్లేదా? పోయినసారి దీని కాలు పట్టుకుంటే నన్ను గోడకేసి కొట్టింది. నా నడుము ఇంకా నాది కాలేదు. కట్టెయ్ పిల్లీ."

"అప్పుడు కట్టాం కాబట్టే కొట్టింది. మెడకి తాడు బిగిస్తే దానికి ఊపిరాడనట్టు అయిపోతుంది. తాడైనా తెంపుతుంది, గుంజైనా పీకుతుంది. అందుకే కట్టకుండా నిలబడటం నేర్పా. చూడు, తాడు లేదు. కళ్లెం కూడా లేదు."

"అబ్బో. ఇన్ని మాటలు నువ్వేనా మాట్లాడేది? ఇంట్లో ఉందో లేదో తెలీకుండా తిరుగుతుందని నీకు పిల్లి అని పేరు పెట్టారు కదా."

"గుర్రాల గురించైతే మాట్లాడతా."

"సరే. దీని పేరే బెదురు. ఆకు రాలితే ఊరవతల ఉండేది. అది నిలబడిందంటే నేను నమ్మాలి."

"నమ్మకు, చూడు. ఇదిగో బ్రష్షు. ఇదిగో మెడ. ఇదిగో వీపు. కడుపు కింద కూడా తోముతున్నా చూడు. ఇదివరకు ఇక్కడ చెయ్యి పెడితే ఎగిరిపడేది. ఇప్పుడు చెవి కూడా కదపదు."

"నిజమే. ఎలా నేర్పావు?"

"మొదట తాడు నేల మీద వదిలేసేదాన్ని. అది అడుగు కదిపితే తిట్టకుండా, కొట్టకుండా మళ్లీ అదే చోటికి తెచ్చి నిలబెట్టేదాన్ని. మళ్లీ కదిపితే మళ్లీ. ఒక్కోరోజు ఒళ్లు తోమడం అయ్యేదే కాదు, తిప్పి తేవడంతోనే పొద్దుపోయేది. మామయ్య నవ్వేవాడు, నువ్వు దానికి నేర్పుతున్నావా, అది నీకు నేర్పుతోందా అని."

"నిలబడితే?"

"నిలబడితే గుప్పెడు దాణా. తర్వాత తాడు తీసేశా. ఇప్పుడు నేను లోపలికెళ్లి బకెట్టు తెచ్చుకునేదాకా అక్కడే ఉంటుంది. నిన్నయితే నెత్తి మీదికి ఎండ వచ్చినా నీడలోకి జరగలేదు. నేను జరగమనలేదుగా."

"ఎండలోనా? జరగలేదా?"

"లేదు. అంత మాట వింటుంది."

"పిల్లీ, ఆ ముందుకాళ్లు ఎప్పట్నుంచి అలా పెడుతోంది?"

"ఎలా?"

"ముందుకి చాపి, బరువంతా వెనక్కి వేసి."

"అది దాని నిలబడే తీరు. ఒకచోట నిలబడటం వచ్చాక అలా అలవాటైంది."

"ఊఁ. కాలెత్తమను."

"ఎత్తు. ఎత్తు బెదురూ. ఎత్తదు తాతా. నిలబడమన్నాక కాలెత్తడం ఇంకా నేర్పలేదు."

"ముందుకాలి గిట్ట మీద చెయ్యి పెట్టి చూడు."

"వెచ్చగా ఉంది."

"వెచ్చగానా?"

"కాలుతోంది."

"ఇప్పుడు గిట్టకి కాస్త పైన, వెనకవైపు. వేలు పెట్టి ఉంచు. నాడి కొట్టుకుంటోందా?"

"గట్టిగా. అన్ని గుర్రాలకీ ఉండదా?"

"అన్నిటికీ ఉంటుంది. మామూలుగా అయితే వెతుక్కుంటే గానీ దొరకదు. సరే, దాన్ని ఓసారి పక్కకి తిప్పు."

"తిప్పడమెందుకు? బుద్ధిగా నిలబడిందిగా."

"తిప్పమంటున్నా."

"రా. రా తల్లీ. రా... అదేంటి తాతా, ముళ్ల మీద నడిచినట్టు..."

"చాలు, ఆపెయ్. దాన్ని అలాగే వదిలెయ్."

"కాలు బెణికిందేమో."

"రెండు కాళ్లూ ఒక్కసారేనా? దాణా ఎంత పెట్టేదానివి?"

"చెప్పాగా, గుప్పెడు."

"గుప్పెడేనా?"

"మొదట్లో గుప్పెడు. తర్వాత ఎక్కువసేపు నిలబడితే ఎక్కువ. డబ్బాతో. పొద్దునా సాయంత్రం. మామయ్య కూడా పెట్టేవాడు. డొక్కలు కనపడే గుర్రాన్ని ఎవడు కొంటాడు, మెరవాలి అని దాణా గది తాళం నాకే ఇచ్చేశాడు. ఎందుకలా చూస్తావు? ఆకలైతేనే కదా తింటుంది."

"గుర్రానికి ఆకలికీ ఆశకీ తేడా తెలీదు పిల్లీ. గింజ ఎక్కువైతే గిట్టల్లోకి దిగుతుంది. లోపల మంట పుడుతుంది. గిట్ట గట్టిది, వాపుకి చోటివ్వదు. మన గోటి కింద చీము పడితే ఎలా ఉంటుంది? ఆ గోటి మీద ఇంత ఒంటినీ మోస్తూ నిలబడాలి."

"అందుకని..."

"అందుకనే కదలదు."

"నిన్న నీడలోకి..."

"అడుగు వెయ్యలేక."

"అయితే నా మాట విని నిలబడలేదా?"

"ఆ బ్రష్షు కింద పెట్టు ముందు."

"చెప్పు తాతా. నా మాట వినలేదా?"

"మొదట్లో నీ మాటే విని ఉంటుంది. ఎక్కడిదాకా నీ మాట, ఎక్కణ్ణుంచి నొప్పి అంటే నేనెలా చెప్పను? దానికి నోరుంటే చెప్పేది."

"నయమవుతుందా?"

"అవుతుంది. దాణా ఈ పూటే మానెయ్యాలి. ఎండుగడ్డి మాత్రం వెయ్యి, అదీ కొలిచినట్టు. కింద మెత్తగా ఇసక పొయ్యి. గిట్టల మీద చన్నీళ్లు. నెలలు పడుతుంది. ఇలాగే గింజ పెడుతూ పోతే మాత్రం లోపలి ఎముక కిందికి దిగిపోతుంది. అప్పుడు పడుకుంటే ఇక లేవదు."

"నయమైతే కట్టకుండా నిలబడుతుందా?"

"నయమైతే నడుస్తుంది. నిలబడటం నువ్వు మళ్లీ ఓనమాల దగ్గర్నుంచి నేర్పుకోవాలి. గింజ లేకుండా."

"నేర్పుతా. కానీ ఇవాళ ఫొటోల ఆయన వస్తున్నాడు తాతా."

"ఏ ఫొటోల ఆయన?"

"పార్కు దగ్గర దుకాణం ఆయన. ఈ వేసవి సెలవుల్లో పార్కుకొచ్చే పిల్లల చేతికి బ్రష్షు ఇచ్చి, గుర్రాన్ని తోముతున్నట్టు నిలబెట్టి ఫొటో తీస్తాడట. తాడు కనపడితే ఫొటో పాడైపోతుందట. కట్టకుండా నిలబడే గుర్రమైతేనే కొంటానన్నాడు. ఆయన వద్దంటే మామయ్య దీన్ని ఇటుకల బట్టీకి ఇచ్చేస్తాడు. ఆ బట్టీ గుర్రాల్ని నువ్వు చూశావుగా."

"నాడాలు కొట్టేది నేనే. చూడకేం."

"మామయ్యకి నువ్వు చెప్పు. నేను చెబితే చిన్నపిల్లవి నీకేం తెలుసంటాడు. నువ్వు చెబితే వింటాడు."

"చెబుతాలే. అదుగో, వస్తున్నాడు."

మామయ్య వచ్చాడు. తాత సంచీ ఇంకా విప్పలేదు.

"ఏం పెద్దాయనా, ఇంకా మొదలే పెట్టలేదా? ఆయన వచ్చే వేళయింది."

"పెడతాను బాబూ. కాళ్లు కాస్త..."

"కాళ్లు కాస్త?"

"కాస్త వేడిగా ఉన్నాయి."

"ఎండాకాలం. నా కాళ్లూ వేడిగానే ఉన్నాయి."

"అంతే అయుండొచ్చు."

"తాతా, నువ్వు చెప్పింది అది కాదుగా."

"ఏం చెప్పాడే?"

"ఏం లేదు బాబూ. దాణా కాస్త తగ్గిస్తే మంచిదని..."

"కాస్త కాదు మామయ్యా, ఈ పూటే మానెయ్యాలన్నాడు. ఎముక దిగిపోతుందన్నాడు. అడుగు."

"దిగితే దిగొచ్చు, దిగకపోవచ్చు. నేనేమైనా పశువుల డాక్టర్నా పిల్లీ?"

"పెద్దాయనా, ఈ కొట్టంలో గుర్రాలన్నిటికీ నాడాలు కొట్టేది నువ్వే కదూ?"

"నేనే బాబూ. మీ నాన్నగారి కాలం నుంచీ."

"ఇకముందూ నువ్వే కొట్టాలని ఉందిగా?"

"ఉంది."

"అయితే ఇవాళ్టికి నాడాలు వద్దులే. ఇంటికెళ్లు. బేరం సంగతి ఎవరైనా అడిగితే ఏమంటావు?"

"నేనివాళ ఇటు రానేలేదంటాను."

"తాతా."

"వస్తా పిల్లీ. చన్నీళ్లు... వీలైతే చూడు."

"వీలు సంగతి నేను చూస్తాలే. నువ్వు నడు పెద్దాయనా. ఏమే, ఆ మొహం ఏంటి? ఆయన వచ్చే వేళకి ఆ మొహం పెట్టకు."

"మామయ్యా, అమ్మొద్దు. నయం చేయిద్దాం. నేనే చూసుకుంటా. పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తా, ఇసక నేనే మోస్తా."

"నిలబడి తినే గుర్రాన్ని నెలల తరబడి మేపడానికి ఇదేమైనా సత్రమా? ఇప్పటికే మీ అమ్మని, నిన్ను మేపుతున్నాననేగా మీ అత్తయ్య రోజూ సాధిస్తోంది నన్ను."

"అయితే ఆయనకి చెప్పి ఇద్దాం."

"చెబితే తీసుకుంటాడా? చెబితే ఆయన అటు పోతాడు, ఇది బట్టీకి పోతుంది. నువ్వే చెప్పు ఏది మేలో. నీడపట్టున నిలబడి ఫొటోలు దిగడమా, ఇటుకలు లాగడమా?"

"ఈ కాళ్లతో బట్టీలో..."

"అదే నేననేది. ఇదంతా దాని మంచికే. నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరికే నిలబడు. మాట్లాడకుండా ఉండటం నీకు కొత్తా? చుట్టాలొస్తే తలుపు వెనక దూరతావు. నీ గొంతు ఎలా ఉంటుందో మీ మాస్టారికే తెలీదు. ఆ గుణం ఇన్నాళ్లకి ఓ పూట అక్కరకొస్తోంది."

కొట్టం ముందే. ఫొటోల ఆయన, మామయ్య, అమ్మాయి. గుర్రం ఉన్నచోటే ఉంది.

"బాగుందండీ. చాలా బాగుంది. వచ్చినప్పట్నుంచి చూస్తున్నా, ఒక్క అడుగు కదిపితే ఒట్టు. పోయిన ఏడాది నేను తెచ్చిన గుర్రం ఫొటో తీద్దామనేసరికి తోక చూపించేది."

"మా దగ్గర అలాంటివి ఉండవండీ. చిన్నప్పట్నుంచీ సాధువు. మా మేనకోడలు ఒళ్లంతా తోముతూ ఉంటే నిద్రపోతుంది. పిల్లీ, తోమి చూపించు. చూశారా?"

"తాడు లేకుండానే. ఓసారి నడిపించి చూద్దామా?"

"ఎండ బాగా ఉంది కదండీ. సాయంత్రం మీ పార్కులో ఎలాగూ నడవాల్సిందే. కూర్చోండి, చల్లగా మజ్జిగ తెస్తాను. లోపల ఆడవాళ్లు పనిలో ఉన్నారు, నేనే తెస్తా. పిల్లీ, ఆయన ఏమైనా అడిగితే... ఏం అడగరులే. మా పిల్ల మాట్లాడదండీ, ఏమీ అనుకోకండి."

"ఫర్లేదు, వెళ్లిరండి. ఏమ్మా, దీనికి నువ్వే నేర్పావటగా? ఎలా నేర్పావు?"

"నేను... అది..."

"భయపడకు. నాకూ నీ అంత కూతురుంది. అదీ ఇంతే, కొత్తవాళ్లని చూస్తే మాట రాదు."

"దాని... బాగాలేవండీ."

"ఏంటమ్మా? వినపడలేదు."

"దాని కాళ్లు బాగాలేవండీ."

"చూడటానికి బాగానే ఉన్నాయే."

"లోపలండీ. గిట్టల్లో. దాణా ఎక్కువ పెట్టాం, లోపల మంట పుట్టింది. అడుగేస్తే నొప్పి. అందుకే నిలబడిందండీ. నేను నేర్పినందుకు కాదు."

"నువ్వు నేర్పినందుకు కాదా?"

"కాదండీ. నేనూ అలాగే అనుకున్నా. ఇవాళే తెలిసింది. మామయ్యకి నేను చెప్పానని చెప్పకండి."

"చెప్పను. ఇలా రా, నింపాదిగా చెప్పు. పిల్లలు పక్కన నిలబడితే తన్నుతుందా?"

"తన్నదండీ. ఒక కాలు ఎత్తాలంటే మిగతావాటి మీద బరువు మోపాలి కదండీ."

"ఫ్లాషు పడితే? గోల చేస్తే?"

"ఉలిక్కిపడినా కదల్లేదండీ."

"ఒక్కోసారి పైకి ఎక్కిస్తాం. ఎక్కిస్తే?"

"ఎక్కించకండీ. బరువు పడితే ఇంకా నొప్పి."

"పడేస్తుందా అని."

"పడెయ్యదండీ. నొప్పి ఓర్చుకుంటుంది."

"చూసేవాళ్లకి తెలుస్తుందా?"

"మీకు తెలిసిందాండీ?"

"లేదు. నువ్వు చెప్పకపోతే నాకేం తెలిసేది కాదు. నయం చేయొచ్చా?"

"చేయొచ్చండీ. నెలలు పడుతుందట. ఇక్కడైతే చేయించరు, బట్టీకి పంపేస్తారు. మీరు తీసుకెళ్లండి. మెత్తటి చోట ఉంచండి. ఈ సెలవులన్నీ నేనొచ్చి కాళ్లకి నీళ్లు పోస్తా. నయమయ్యాక నిలబడటం మళ్లీ నేర్పుతా, దాణా లేకుండా. ఈసారి నిజంగా నేర్పుతా."

"అంటే నయమయ్యాక నిలబడదా?"

"మొదట్లో కదులుతుందండీ. నేర్పితే నిలబడుతుంది."

"నయం చేయించకపోతే?"

"ఎముక దిగిపోతుందటండీ. ఇక లేవదట."

"వెంటనేనా?"

"తెలీదండీ. ఈ ఎండాకాలం గడుస్తుందేమో."

"బడులు తెరిచేదాకా ఉంటుందన్నమాట."

"అండీ?"

"ఏం లేదమ్మా. ఎంతమంది గుర్రాలవాళ్లతో బేరాలు చేశానో, ఇంత విడమర్చి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. మంచిపిల్లవి. దీన్ని నేనే తీసుకెళ్తాను."

"నిజంగానాండీ? తెలిసి కూడా తీసుకెళ్తారా?"

"తెలిసే తీసుకెళ్తున్నా. ఏడవకు, కళ్లు తుడుచుకో, మీ మామయ్య వచ్చేస్తాడు. ఇప్పుడు బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. పూటకి దాణా ఎంత పెట్టేదానివి? అక్కడ దీన్ని చూసుకునే మనిషికి చెప్పాలి, ఒక్క పూట కూడా తగ్గనివ్వకూడదు."