మామగారి కారులో ఏసీ

శనివారం పొద్దున ఎడారి ఊరు యూమాలో పాత కార్లున్న ముసలాళ్లంతా నెల్డా డోనట్ల కొట్టు ముందు చేరతారు. ఆగస్టు ఎండ ఏడింటికే చుర్రుమంటోంది. ఎల్‌వుడ్ ప్రేథర్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, అది మీకూ తెలుసు. ఏదో ఆ కారు ఏసీ బాగుచేశాను, అంతే. అరవై ఒకటి మోడల్, మా మామగారిది. అప్పట్లో వాళ్ల వీధి మొత్తానికి ఏసీ కారు అదొక్కటేనట, ఆయన అద్దాలెత్తుకుని వెళ్తుంటే జనం గుమ్మాల్లోకొచ్చి చూసేవాళ్లట. ఆయన పోయాక ఇరవయ్యేళ్లు షెడ్డులో పడుంది. మొన్న మే నెలలో మా లవాన్ అంది కదా, 'జులైలో నాకు డెబ్బై నిండుతాయి, ఆ రోజు మా నాన్న కారులో చెమట పట్టకుండా ఒక్కసారి ఊరు చుట్టి రావాలనుంది' అని. పెళ్లయిన నలభై ఆరేళ్లలో ఆవిడ నోరు తెరిచి నన్నడిగింది అదొక్కటే. సరే అన్నాను."

"కంప్రెసర్ పట్టేసి ఉండాలే," అన్నాడు హార్లన్. ముప్పయ్యేళ్లు లారీలు రిపేరు చేసి రిటైరైన మనిషి.

"పట్టేయడమా, తుప్పు పట్టి ఒకే ముద్దయిపోయింది. పీకి పారేశాను. పైపుల్లో ఎలుకలు కాపురం పెట్టాయి, వాటికి వారం గడువిచ్చి ఖాళీ చేయించాను. కొత్త పైపులేశాను, రేడియేటర్ ముందు పెద్ద కండెన్సర్ బిగించాను, సబ్బునీళ్లు రాసి లీకులన్నీ పట్టుకున్నాను. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు. కంప్రెసర్ దగ్గరే నా బుర్ర వాడాను. చేపలు మోసే లారీది ఒకటి దొరికింది, అదే పెట్టాను."

"ఆ బోనెట్టు కింద అదెలా పట్టిందిరా?" అడిగాడు హార్లన్.

"మొదట పట్టలేదు. బతిమాలాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్విచ్చి రెండో నంబరు మీద పెట్టానో లేదో, చేతిలో కాఫీ మీద మీగడ కట్టినట్టు మంచు కట్టింది. ఇంకా మూడో నంబరుంది. దాని జోలికి పోలేదు, పెళ్లాం పిల్లలున్నవాణ్ణి. మెల్లగా ఊళ్లోకి పోనిచ్చాను. సిగ్నల్ దగ్గర పోలీసాయన ఆపి, అద్దాలన్నీ మసకబారాయి, లోపలెవరున్నారో తెలీట్లేదు, దించు అన్నాడు. వద్దు సార్, మీ మంచికే చెప్తున్నా అన్నాను. వింటేనా. రెండు వేళ్ల సందు దించాను. ఆయన మీసం తెల్లబడిపోయింది. జరిమానా రాద్దామంటే పెన్నులో సిరా గడ్డకట్టింది. పాపం, తన బండిలో కూర్చుని హీటరు వేసుకున్నాడు."

"జులైలోనా?" అన్నాడు హార్లన్.

"జులై పదకొండున. నూట పద్దెనిమిది డిగ్రీల ఫారన్‌హీట్. ఆ సంగతి ఎలా పాకిందో, సాయంత్రానికి కీఫర్ మా ఇంటి ముందున్నాడు. లెట్యూస్ ఆకుకూర తోటల కీఫర్. మన దగ్గర అది చలికాలం పంట కదా, ఈ వేసవిలో ఒక్క కోత తీశానంటే నీ పేరు చెప్పుకుంటానన్నాడు. కాదనలేకపోయాను. నాలుగు తలుపులూ తెరిచి చేను చుట్టూ మూడు రౌండ్లు వేశాను. పదిహేను రోజుల్లో కోతకొచ్చింది. ఒక్కో గడ్డ ఇంతుంది. కోసే కూలీలకి చేతి తొడుగులు, ఉన్ని టోపీలు కొనాల్సొచ్చిందని కీఫర్ కాస్త సణిగాడు, అది వేరే సంగతి."

"మరి ఆ లెట్యూస్ మాకెక్కడా కనపడలేదే?" అన్నాడు పక్క బల్ల ముసలాయన.

"అలాస్కావాళ్లు మొత్తం కొనుక్కెళ్లారు. వాళ్లకి అలవాటైన రుచి కదా. సరే, అసలు సంగతికొద్దాం. ఓ రోజు మధ్యాహ్నం ఎడారి రోడ్డు మీద పోతున్నాను, ఎదురుగా ఎండమావి. మామూలుగా మనం దగ్గరికెళ్తుంటే అది వెనక్కి జరుగుతుంది కదా. ఇది జరగలేదు. ఏంటా అని చూస్తే, మా బండి ముందునుంచి పోయే చలికి గడ్డకట్టుకుపోయింది. కారు దాని మీద అర మైలు జారింది. నిలదొక్కుకుని, దిగి, డిక్కీలోంచి గొడ్డలి తీసి ఇంత ముక్క కొట్టి ఇంటికి తెచ్చాను. లవాన్ దాన్ని నిమ్మరసంలో వేసింది."

హార్లన్ డోనట్ నమలడం ఆపాడు. "రుచెలా ఉంది?"

"రుచేముంటుంది, ఎండమావి కదా. గ్లాసు చల్లబడింది గానీ దాహం తీరలేదు."

నెల్డా కాఫీ కూజా పట్టుకుని వచ్చి అందరి కప్పులూ నింపింది. ఎల్‌వుడ్ దగ్గర ఆగింది.

"అన్నా, ఐసు సంచులు ఎప్పట్లాగే నాలుగేనా? వదిన అడిగి రమ్మంది. కారులో కాళ్ల దగ్గర తొట్టిలో పోసిందంతా కరిగిపోయిందట."

అందరూ రోడ్డు పక్కకి చూశారు. పొడవాటి పాత కారు, నాలుగద్దాలూ పూర్తిగా దించి ఉన్నాయి. ముందు సీట్లో లవాన్, మెడ చుట్టూ తడి తువ్వాలుతో, బ్యాటరీ ఫ్యాను మొహానికి దగ్గరగా పట్టుకుని కూర్చుంది. వీళ్లు చూడటం చూసి చెయ్యూపింది.

ఎల్‌వుడ్ కప్పు పక్కకి జరిపాడు.

"పదకొండు నిమిషాలు పనిచేసింది ఏసీ," అన్నాడు. "పుట్టినరోజు నాడు. మా గేటు నుంచి కాలవ వంతెన దాకా. లవాన్ గాలొచ్చే చోట మొహం పెట్టి కళ్లు మూసుకుంది. అచ్చం నాన్న కారులాగే ఉంది అంది. వంతెన దాటుతుంటే లోపల గరగరమని ఏదో విరిగింది. ఆవిడ అద్దం దించుకుంది."

హార్లన్ చేతికంటిన డోనట్ చక్కెర దులుపుకున్నాడు.

"సోమవారం మా షెడ్డుకి పట్రా," అన్నాడు హార్లన్. "ఆ లారీ కంప్రెసర్ తీసి పారెయ్. దాని బరువుకి బిగింపు వంగిపోయి బెల్టు పక్కకి లాగి ఉంటుంది. ఇప్పుడు చిన్నవీ తేలికవీ వస్తున్నాయి. ఇద్దరం కూర్చుంటే రెండు రోజుల పని."

ఎల్‌వుడ్ తలూపాడు. లేచి టోపీ సర్దుకున్నాడు.

"నెల్డా, ఇవాళ మూడు సంచులు చాలమ్మా. నాలుగేస్తే ఆవిడ స్వెటర్ అడుగుతుంది."